బల్లమీది విమానము



ఈ మాసము మేము వ్రాయబూనిన సంగతి చూచుటకు చిన్నది. విశ్వాసి యింట, బల్లమీద, బైబిలు ప్రక్కన, కర్రతో చేసిన విమానపు బొమ్మ యొకటి ఉండవచ్చునా? ఉండినయెడల అది దేనికి జ్ఞాపకార్థము? మా సంఘములో కొందరు పెద్దలు ఇది వట్టి డంబమనిరి. ఇంకను గట్టిగా మాటలాడువారు ఇది ఒక విధమైన విగ్రహమే ననిరి. యౌవనస్థులు నవ్విరి. కోపము వలనగాని నవ్వు వలనగాని ప్రశ్నకు జవాబు రాదు గనుక, సంగతిని కొంచెము నిదానముగా విచారింతము.

ముందు బొమ్మను గూర్చి చెప్పవలెను. కువైటులో పనిచేయు మన ప్రాంతపు సహోదరుడొకడు సెలవుమీద వచ్చినప్పుడు దానిని తెచ్చెను. పులివెందుల, రాయచోటి, రాజంపేట తట్టులనుండి కువైటుకు పోయినవారు లేని ఊరు అరుదు. వారు వచ్చునప్పుడు దుప్పట్లు, సెంట్లు, ఖర్జూరపు పండ్లు తెచ్చుట వాడుక. ఇతడు మాత్రము కాంకార్డ్ అను విమానము బొమ్మను తెచ్చెను. ఫిలిప్పీన్సు దేశములో మహోగని కర్రను చేతితో చెక్కి, రంగులు వేసి ఇట్టి బొమ్మలు చేయు పనివారు అనేకులున్నారు. ఇదియు వారి చేతిపనియే.

కాంకార్డ్ విమానము పొడవు దాదాపు 62 మీటర్లు, రెక్కల కొననుండి కొనకు 25 మీటర్లకు పైచిలుకు. నూటికొకటి చొప్పున తగ్గించి చేసిన బొమ్మ మూరెడు కంటె కొంచెము పెద్దది, 62 సెంటీమీటర్లు వచ్చును. పలకలను జిగురుతో అతికి దిమ్మె చేయుదురు. అచ్చు పెట్టి గీతలు గీచి, ఉలితో చెక్కి, చిత్రిక పట్టి, ఉప్పు కాగితముతో రుద్ది రుద్ది నునుపు చేయుదురు. అన్నిటికంటె కష్టమైనది రెక్క. దాని ముందంచు తిన్నగా పోదు. మెడ దగ్గర సన్నగా బయలుదేరి, నడుమ ఒంపు తిరిగి, కొనయొద్ద మరల లోనికి వంగును. ఇతర విమానములకున్న అడ్డతోక దీనికి లేదు. ఒంపు ఒక నూలువాసి తప్పినను బొమ్మ కొంగవలె గాక బాతువలె కనబడును. మన కొండపల్లివారు తెల్లపొణికి కర్ర చెక్కి, రంపపు పొట్టును చింతగింజల జిగురును కలిపి అతుకులు పూడ్చుదురు. ఏటికొప్పాకవారు అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క రంగులు పూయుదురు. ఆ పని చూచినవారికి ఈ పని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులో ఒక వింతయున్నది. ఆ విమానము నిండు బరువుతో లేచునప్పుడు 185 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును నూరవ వంతు చేసినయెడల బరువు పదిలక్షలలో ఒక వంతు కావలెను. అనగా 185 గ్రాములు, పావు కిలోకైనను తక్కువ. గట్టి కర్రతో చేసిన బొమ్మ అంతకు మించి తూగును. నిజమైనది లోపల గుల్ల. అందులోనిది గాలి, మనుష్యులు, నూనె. ఈ నూనె మాట మరల ఎత్తవలసి వచ్చును.

విగ్రహమను మాటను త్వరగా ముగింతము. ప్రత్యక్షపు గుడారమునకు బెసలేలు చేసిన దీపస్తంభములో బాదము పూల రూపులు ఉండెను, యాజకుని అంగీ అంచున దానిమ్మపండ్ల రూపులు ఉండెను. రూపము చేయుటయే పాపమైనయెడల ఆ పని జరిగెడిది కాదు. యెషయా ప్రవక్త ఎగతాళి చేసినది ఒక మ్రానులో సగము పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకొని, మిగిలిన సగమునకు సాగిలపడిన వానిని. విమానపు బొమ్మకు ఎవరును సాగిలపడరు. దుమ్ము తుడుతురు, అంతే. ఈ విషయములో పెద్దలు నిశ్చింతగా ఉండవచ్చును.

మాకు తోచిన చిక్కు వేరు. కొండమీద మోషేకు మాదిరి చూపబడెను. దావీదు సొలొమోనునకు మందిరపు మాదిరి అప్పగించెను. అక్కడ మాదిరి ముందు, కట్టడము తరువాత. కాంకార్డ్ విషయములోను మొదట అట్లే జరిగెను. ఇంగ్లాండులోని ఫార్న్‌బరో పరిశోధనాలయములో డీట్రిచ్ కూకెమాన్, యోహన్నా వేబర్ అను శాస్త్రజ్ఞులు సన్నని త్రికోణపు రెక్కను గూర్చి లెక్కలు కట్టిరి. చిన్న నమూనాలను గాలి సొరంగములలో నిలిపి, గాలి వాటిమీద ఎట్లు సుడి తిరుగునో చూచిరి. ఆ నమూనాలు దోషములు బయటపెట్టుటకు చేసినవి. బల్లమీది బొమ్మ అట్టిది కాదు. విమానముల కాలము గడచిన పిమ్మట, అందము మాత్రము మిగులునట్లు చేసినది. అందులో మోత లేదు, పొగ లేదు, అప్పు లేదు, చావు లేదు. దాని ముఖములో దాని చరిత్ర కనబడదు. దాచినవానికి అబద్ధమాడవలెనను తలంపు లేకపోయినను, చూచువానికి సగము సత్యమే అందుచున్నది. అది తగునా అనునదే మా ప్రశ్న.

కావున ఆ మిగిలిన సగమును చెప్పుదుము.

బ్రిటను, ఫ్రాన్సు దేశములు 1962 నవంబరు 29న ఒడంబడిక చేసికొని, ధ్వనికంటె వేగముగా పోవు ప్రయాణికుల విమానమును కట్టుటకు పూనుకొనెను. కాంకార్డ్ అనగా ఏకమనస్సు. ఆ మాటను ఇంగ్లీషువారు ఒక రీతిగాను, ఫ్రెంచివారు చివర ఒక అక్షరము చేర్చియు వ్రాయుదురు. ఆ ఒక్క అక్షరము ఉంచవలెనా తీయవలెనా అని ఏకమనస్సు పేరుగల విమానము విషయములో సంవత్సరముల తరబడి తగవు నడిచినది. చివరకు 1967లో ఇంగ్లీషు మంత్రి టోనీ బెన్ ఆ అక్షరమును ఉంచవచ్చునని ఒప్పుకొనెను. సంఘపు కమిటీలలో కూర్చుండి యెరిగినవారికి ఇందులో ఆశ్చర్యము ఉండదు.

1969 మార్చి 2న ఫ్రాన్సులోని తులూజు నగరమునుండి అది మొదట ఎగిరెను. రష్యావారి టుపోలెవ్ 144 రెండు మాసముల ముందే, 1968 డిసెంబరు 31న ఎగిరి పందెము గెలిచెను గాని, దాని బ్రదుకు నిలువలేదు. 1976 జనవరి 21న కాంకార్డ్ ప్రయాణికులను ఎక్కించుకొనుట ఆరంభించెను: లండనునుండి బహ్రెయినుకు ఒకటి, పారిసునుండి డకార్ మీదుగా రియోకు ఒకటి. ధ్వని వేగమునకు రెండింతలు, గంటకు 2,000 కిలోమీటర్లకు పైగా, 60,000 అడుగుల ఎత్తున అది పోయెడిది. ఆ వేగమునకు గాలి రాపిడిచేత దాని ముక్కు నీరు మరుగు వేడిమిని దాటి కాగెడిది, ఒడలు అంతయు కొన్ని అంగుళములు సాగెడిది. లండను న్యూయార్కుల నడుమ ప్రయాణము మూడున్నర గంటలు. మన పులివెందులనుండి హైదరాబాదుకు రాత్రి బస్సు ఎక్కినవాడు ఆ మూడున్నర గంటలలో ఎంత దూరము పోవునో ఆలోచించుకొనవచ్చును.

ఇప్పుడు నూనె మాట. దాని తొట్లలో పట్టు ఇంధనము దాదాపు 95 టన్నులు. ఎక్కువారు ఇంచుమించు నూరుమంది. ఒక్కొక్క తలకు టన్ను లెక్క వచ్చుచున్నది. 1973లో చమురు ధరలు పెరిగినప్పుడు ఈ లెక్క ఉరితాడైనది. మొదట ఎన్నో విమాన సంస్థలు మాకు కావలెనని పేరు వ్రాయించుకొనిరి. మన ఎయిరిండియా కూడ రెండింటికి వ్రాయించుకొనెను. ఒకరి తరువాత ఒకరు విరమించుకొనగా, కట్టిన 20 విమానములలో ప్రయాణికులను మోసినవి 14 మాత్రమే. అవియు కట్టిన రెండు దేశముల సంస్థలే తీసికొనెను. ఆరంభములో 7 కోట్ల పౌనుల ఖర్చని వేసిన అంచనా కట్టి ముగించునప్పటికి నూరు కోట్ల పౌనులను దాటిపోయెను. అది పన్నులు కట్టిన జనుల సొమ్ము.

గోపురము కట్టగోరినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో ఉన్న ఉపమానము మీకు తెలియును. అందులో పునాది వేసి ముగింపలేనివానిని జనులు నవ్వుదురు. కాంకార్డ్ విషయములో కథ మరియొక మలుపు తిరిగినది. వారు ముగించిరి. నవ్వుదురను భయముచేతనే ముగించిరని కొందరు చెప్పుదురు. 1964లో వచ్చిన బ్రిటను ప్రభుత్వము పని ఆపవలెనని చూచినది గాని, ఒడంబడికలో విడిపోవుటకు దారి వ్రాయబడలేదు. అది వారి నిజమైన చిక్కు. దానితోకూడ, ఇంత పెట్టితిమి, ఇప్పుడు ఎట్లు విడుతుము అను తలంపు ఒకటి పట్టుకొనెను. 1970ల దశాబ్దములో జీవశాస్త్రజ్ఞులు ఈ తలంపునకు కాంకార్డ్ భ్రమ అను పేరే పెట్టిరి. పోయిన ధనము ఎట్లును తిరిగి రాదు. ఇకమీద పెట్టబోవునది మేలు చేయునా లేదా అని మాత్రమే చూడవలెను. భ్రమలో పడినవాడు పోయినదానివైపు చూచుచు ఉన్నదానిని పోగొట్టుకొనును.

ఈ భ్రమను తెలిసికొనుటకు మనము తులూజు నగరము పోనక్కరలేదు. మన చీనీ తోటలలో నిలువబడిన చాలును. మొదటి బోరు మూడువందల అడుగులలో నీళ్లు పడినది, అయిదేండ్లకు ఎండినది. చెట్లు కాపునకు వచ్చు వయస్సు. టెంకాయ అరచేతిలో పెట్టుకొని నీళ్లు చూచువానిని పిలిచి రెండవ పాయింటు పెట్టించిరి. అది దుమ్ము. ఇంత పెట్టితిమి గదా అని మూడవది, ఈసారి వెయ్యి అడుగులకు. భార్య మెడలోనిది బ్యాంకులో. రిగ్గు లారీ వచ్చి రాత్రియంతయు మ్రోగును, తెల్లవారునప్పటికి తెల్లని రాతిపిండి గుట్ట. ఇట్టి ఇండ్లకు మేము ప్రార్థనకు పోయియున్నాము. ఆ వాకిలిలో నిలువబడి లెక్కించుకొని యుండవలసినది అని చెప్పుట సులభము. కాని ఎనిమిదేండ్లు బిడ్డలవలె పెంచిన చెట్లు ఆకులు ముడుచుకొనుచుండగా, ఇక చాలుననుట ఎంత కష్టమో చూచినవారికి తెలియును. పోయిన ధనము మాత్రమే అయిన వాడు విడిచిపెట్టునేమో. అతడు పెట్టినది తన యౌవనము.

అందుచేత లండను పారిసులలోని మంత్రులను మూఢులని పిలుచుటకు మాకు నోరు రాదు. అయితే ఒక భేదమును చెప్పవలెను. చీనీ రైతు ఓడినప్పుడు ఆ ఓటమి అతని వాకిటనే పడును. మంత్రి ఓడినప్పుడు అతని పొలము ఎండదు. ఇతరుల సొమ్ముతో ధైర్యము చేయువాడు రైతుకంటె ఎక్కువగా లెక్కించుకొనవలసియున్నది. ఇది ఆ కాలపు ప్రభుత్వములకే కాదు, సంఘపు కానుకలతో కట్టడములు లేపు మనకును చెందును. పునాది వేసి ఇరువది ఏండ్లు గడచినను కప్పు లేని మందిరములను ఎవరికి వారే జ్ఞాపకము చేసికొందురు గాక.

ఇక్కడ ఒక ఆక్షేపణ లేవవచ్చును, అది బలమైనది. బేతనియలో ఒక స్త్రీ విలువగల అత్తరుబుడ్డి పగులగొట్టి ప్రభువు తలమీద పోసినప్పుడు, ఇంత నష్టమెందుకు, అమ్మి బీదలకు ఇయ్యవచ్చును గదా అని సణిగినవారు గద్దింపబడిరి. లెక్క చూపినవారు తప్పుబట్టబడిరి, వ్యయపరచిన స్త్రీ పొగడబడెను. అట్లయినయెడల అందమైనదానిని చేయుటలో అయిన ఖర్చును లెక్కించువారము మనమా ఆ సణిగినవారి వరుసలో ఉన్నవారము? నిజముగా కాంకార్డ్ అందమైనది. దాని గూర్చి తెలిసిన ఇంగ్లీషువారు, విమానాశ్రయము చుట్టుప్రక్కల ఇండ్లలో దాని మోతకు విసిగినవారు సహితము, అది పోవునప్పుడు తలయెత్తి చూచిరని చెప్పుదురు. మనుష్యులకు రొట్టె మాత్రమే గాక, తలయెత్తి చూచుటకును ఏదో యొకటి కావలెను.

మేము ఈ ఆక్షేపణను చాల దినములు మనస్సులో పెట్టుకొంటిమి. మాకు దొరికిన జవాబు ఇది. ఆ స్త్రీ పగులగొట్టినది తన బుడ్డిని. ఆ సువాసన ఇల్లంతయు నిండెనని యోహాను వ్రాసెను. ఆ యింటనున్నవారందరు, సణిగినవారుకూడ, దానిని పీల్చిరి. కాంకార్డ్ కొరకు పగిలిన బుడ్డి అందరిది. దానిలో కూర్చుండినవారు మాత్రము మిక్కిలి ధనవంతులు. క్రిందనున్నవారికి అందినది మోత.

ఆ మోత ఎట్టిదో చెప్పుదుము. ధ్వనికంటె వేగముగా పోవు వస్తువు గాలిని త్రోయగా, ఆ త్రోపిడి ప్రక్కకు తప్పుకొను సమయము లేక ఒక్కటిగా కూడి, క్రిందనున్నవారికి పిడుగువలె వినబడును. అది ఒక చోట మాత్రమే కాదు, విమానము పోయిన దారి పొడవునను పడుచు పోవును. 1964లో అమెరికావారు ఓక్లహోమా నగరముమీద యుద్ధవిమానములను నడిపి, ఆరు మాసములలో 1,253 మారులు ఈ మోతను జనులమీద వేసి చూచిరి. మేము దీనితో బ్రదుకలేమని నలుగురిలో ఒకరికంటె ఎక్కువమంది చెప్పిరి. 1973లో ఆ దేశము తన భూమిమీద ఇట్టి ప్రయాణికుల విమానములు ధ్వనిని మించి పోరాదని కట్టడి చేసెను. కావున కాంకార్డ్ తన వేగమును సముద్రముమీదనే చూపవలసి వచ్చెను.

మన దేశమును ఈ కథలో ఉన్నది. 1977 డిసెంబరులో లండనునుండి బహ్రెయిను మీదుగా సింగపూరుకు కాంకార్డ్ సేవ ఆరంభమైనది. మలేషియా మోతను గూర్చి అభ్యంతరము చెప్పగా వెంటనే ఆగినది, 1979లో మరల మొదలైనది. మన ప్రభుత్వము మన ఆకాశములో ధ్వనిని మించిన వేగమునకు ఒప్పుకొనలేదు. వేగము లేని కాంకార్డ్ ఖరీదైన మామూలు విమానమే గనుక, 1980లో ఆ దారి మూతపడినది. ఢిల్లీలో కూర్చుండి కాదన్నవారి మనస్సులో ఏ లెక్కలున్నవో గాని, ఆ కాదను మాటవలన దక్షిణదేశపు పల్లెలో దూడకు పాలిచ్చుచున్న ఆవు బెదరకుండెను. ఆవు గలవానిని ఎవరును అడుగలేదు, అతనికి తెలియనే తెలియదు. అతని పక్షముగా ఎవరో కాదనిరి. ధర్మశాస్త్రములో పరదేశిని, విధవరాలిని, తండ్రిలేనివానిని మాటిమాటికి జ్ఞాపకము చేయుట ఎందుకనగా, లెక్కలు వేయు గదిలో వారు ఉండరు.

వేగమును మేము దూషించుట లేదు. జమ్మలమడుగులోని క్యాంబెల్ ఆసుపత్రికి ఒకప్పుడు రోగులు ఎడ్లబండ్లమీద వచ్చిరి. దారిలోనే కన్నుమూసినవారు ఎందరో. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో 108 బండ్లు తిరుగ నారంభించిన తరువాత, ప్రసవవేదన పడు తల్లిని గంటలో కడపకు చేర్చుట సాధ్యమైనది. ఆ వేగమునకు దేవునికి స్తోత్రము. 2015లో కడపకు విమానాశ్రయము వచ్చినది, అదియు మంచిదే. ఎవరి తొందర తీర్చుటకు ఎవరు మూల్యము చెల్లించుచున్నారు అనునది మాత్రమే మేము అడుగుచున్నాము.

2000 జూలై 25న పారిసునుండి లేచుచున్న కాంకార్డ్ ఒకటి, రన్‌వేమీద మరియొక విమానమునుండి రాలిపడిన లోహపు రేకును త్రొక్కెను. టైరు పగిలి, దాని తునక నూనెతొట్టిని కొట్టగా మంటలు లేచి, కొన్ని నిమిషములలో అది కూలెను. లోపలనున్న 109 మంది, నేలమీది 4 గురు చనిపోయిరి. ఆ నలుగురు ఒక హోటలులో ఉన్నవారు; వారు ఎక్కడికిని ప్రయాణమై యుండలేదు. మరమ్మతులు చేసి 2001 నవంబరులో మరల నడిపిరి గాని, 2003 అక్టోబరు 24తో ప్రయాణికుల సేవ ముగిసినది. మిగిలినవి ఇప్పుడు న్యూయార్కులోను, మాంచెస్టరులోను, తులూజులోను ప్రదర్శనశాలలలో నిలిచియున్నవి. మన విశాఖపట్టణపు సముద్రతీరమున 2017 నుండి నిలిపియుంచిన నౌకాదళపు టుపోలెవ్ 142ను చూచినవారికి ఆ దృశ్యము ఊహకు అందును. అది కాంకార్డ్ వంటిది కాదు, పంకాలతో 29 ఏండ్లు సముద్రమును కాపలా కాచినది. అక్కడ లోపలికి ఎక్కి చూడవచ్చును. తీగలు, ఇరుకు బల్లలు, చెమట వాసన పట్టిన కుర్చీలు కనబడును. నిజమైన వస్తువు తన శ్రమను దాచుకొనలేదు.

మరి బొమ్మ సంగతి? ఉంచుకొనవచ్చునని మా అభిప్రాయము. దాని ప్రక్కన చరిత్రను కూడ ఉంచవలెను. ఇంటికి వచ్చిన బిడ్డ రెక్కను తడిమి ఇదేమని అడిగినప్పుడు, ఎంత వేగముగా పోయెనో చెప్పి ఊరకుండక, తలకు టన్ను నూనె సంగతియు, ఓక్లహోమా సంగతియు, ఆ హోటలులోని నలుగురి సంగతియు చెప్పవలెను. బిడ్డకు అందము తక్కువ కాదు. పెద్దలకు మాత్రము కొంత సమయము పట్టును.

ఇంకొక మాట మిగిలియున్నది. బొమ్మ నిలుచు పీఠముమీద విమానము పేరు ఇత్తడి రేకుపై చెక్కియున్నది. దాని ప్రక్కన విమాన సంస్థ గుర్తు ఉన్నది. మేము తిరగవేసి అడుగున చూచితిమి. చెక్కినవాని పేరు లేదు. నిర్గమకాండములో బెసలేలు పేరు మాత్రమే గాక అతని తండ్రి ఊరు పేరు, తాత హూరు పేరు, యూదా గోత్రమని కూడ వ్రాయబడియున్నది. మరల కువైటు చేరిన పిమ్మట ఆ అంగడిలో విచారించి, పనివాని పేరు తెలిసినయెడల మాకు ఫోనులో చెప్పుమని ఆ సహోదరుని అడిగియున్నాము.